పరిచయాలు ఎవని జాగీరు?

ఏ స్టార్టప్ సభకు పోయినా ఒక మాట తప్పకుండ వినబడుతది. ‘ఐడియాలో దమ్ముంటే చాలు, పైసలు వాటంతట అవే వస్తయి.’ చెప్పెటోనికి చప్పట్లు. కింద కూసున్న డిగ్రీ పిల్లలకు ఆశ. ఇది సగం నిజం. సగం నిజం పచ్చి అబద్ధం కన్నా ప్రమాదం. ఐడియా ఉన్నోళ్లు వేలమంది. పైసలున్నోని దగ్గరికి తోలుకపొయ్యే మనిషి ఉన్నోళ్లు పిడికెడు మంది. ఆట నడిచేది ఆ పిడికెడు మంది నడుమనే.

సిలికాన్ వ్యాలీ చరిత్రనే చూడండి. 1957లో షాక్లీ దగ్గర పని చేస్తూ విసిగిపోయిన ఇంజినీర్లు బయటపడాలనుకున్నరు. వాళ్లలో ఒకడైన యూజీన్ క్లైనర్ తన తండ్రి లావాదేవీలు నడిపే బ్రోకర్ కంపెనీకి ఉత్తరం రాసిండు. అది ఆర్థర్ రాక్ చేతిలో పడ్డది. ఆయన తిరిగి తిరిగి షెర్మన్ ఫెయిర్‌చైల్డ్‌ను ఒప్పించిండు. ఎనిమిది మందితో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పుట్టింది. వాళ్లలో ఇద్దరు, నాయిస్, మూర్, 1968లో ఇంటెల్ పెడితే పైసలు కూడగట్టింది మళ్ల రాకే. ఉత్తరం రాసిన క్లైనర్ 1972లో తానే వెంచర్ క్యాపిటల్ కంపెనీ పెట్టిండు. వీళ్లు మేధావులు కాదని ఎవరనగలరు? కానీ ఆ తండ్రికి ఆ బ్రోకర్ తెలవకపోతే ఆ ఉత్తరం ఏ గుమ్మానికి పొయ్యేది?

తర్వాతి తరం కూడా అంతే. పేపాల్‌ను 2002లో ఈబే కొన్నది. అండ్లకెల్లి బయటికొచ్చిన ముగ్గురు 2005లో యూట్యూబ్ పెట్టిండ్రు. దానికి సెకోయా పెట్టుబడి తెచ్చిన రూలోఫ్ బోథా ఎవరు? పేపాల్ లెక్కలు చూసినాయన. ఒక్క ఆఫీసు దోస్తానా ఇన్ని కంపెనీలైంది.

మన దగ్గరి ముచ్చటకొద్దాం. రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామ నిజామాబాద్ జిల్లా బిడ్డ. పండుగకు ఇంటికొచ్చేందుకు బెంగళూరులో బస్సు టికెట్ దొరకకపోతే, ఆ తిప్పలోంచే 2006లో కంపెనీ పుట్టింది. తోడు నిలిచింది ఎవరు? పిలానీ బిట్స్ కాలేజీ దోస్తులు. దారి చూపింది టై సంస్థ పెద్దలు. తర్వాత సీడ్‌ఫండ్ పెట్టుబడి వచ్చింది. 2013లో ఐబిబో కొన్నది. ఆయన కష్టానికి దండం పెడదాం. కానీ ఒక్క ప్రశ్న. అదే తెలివి, అదే పట్టుదల ఉన్న పోరడు పిలానీకి పోక ఆదిలాబాద్ సర్కారు కాలేజీలో చదివితే, ఆయన మాట వినేందుకు ఎవరు కూసునేటోళ్లు?

‘బిడియం వదిలి పది మందిని కలవాలె’ అని నీతులు చెప్తరు. కలవాలంటే కలిసే చోటు ఉండాలె గదా! పెట్టుబడిదారుని లెక్క వేరే ఉంటది. ఆయన పెట్టేది ఎక్కువగా ఇతరుల సొమ్ము. పదేండ్లలో తిప్పియ్యాలె. పది కంపెనీల్లో చానా మునుగుతయి, ఒకటి రెండు తేలి మిగతా నష్టం పూడుస్తయి. అంత జూదంలో తెలిసిన మొఖాన్నే నమ్ముతడు. మన మీద కోపం లేకపోవచ్చు. కోపం లేకుండ మూసినా తలుపు తలుపే.

ప్రైవేటు సొమ్ము వాళ్లిష్టం అంటరా? సరే, సర్కారు సొమ్ము సంగతేంది? 2016లో కేంద్రం స్టార్టప్‌ల కోసం పదివేల కోట్ల నిధి ప్రకటించింది. అది సిడ్బీ నుంచి నేరుగ స్టార్టప్‌కు రాదు. ముందు ప్రైవేటు ఫండ్లకు పోయి, అక్కడినుంచి వాళ్లు ఎంచుకున్నోళ్లకు పోతది. అంటే ప్రజల సొమ్ము కూడా అదే పరిచయాల గుమ్మం దాటాలె! ఇక్కడ టీ-హబ్ 2015లో గచ్చిబౌలిలో మొదలైంది, 2022లో రాయదుర్గం పెద్ద భవనంలోకి పోయింది. ఆడబిడ్డల కోసం 2018లో వీ-హబ్ వచ్చింది. మంచిదే. కానీ అద్దాల మేడ కట్టంగనే దారి పడదు.

అందుకే అడుగుతున్నం. సర్కారు నిధి తీసుకున్న ప్రతి ఫండ్ సిఫారసు లేని దరఖాస్తును కూడా చూడాలె, కాదంటే కారణం రాసియ్యాలె. ఏ జిల్లా, ఏ కాలేజీ పిల్లలకు ఎంత అందిందో ఏటా లెక్క చెప్పాలె. హబ్బుల సలహాదారులు నెలకోనాడు జిల్లా కాలేజీకి పోవాలె. ఇది బిచ్చం కాదు, లెక్క అడుగుడు.

సర్కారు కదిలేదాక మనం కూసుందామా? విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, విజిటింగ్ కార్డులు పంచితే పరిచయం కాదు. మీ పనిని ఒక మనిషి ఏడాది పాటు కండ్లార చూస్తే అది పరిచయం. పైసలడిగే ముందు సలహా అడగండి. చెప్పింది చేసి, ఏమైందో నెలకోసారి నాలుగు ముక్కలు రాయండి. కొలువులున్న అన్నలారా, అక్కలారా, మీరు చదివిన కాలేజీని మర్చిపోకండి. ఒక్కొక్కరు ఇద్దరు జూనియర్ల చెయ్యి పట్టుకుంటే అదే మన నెట్‌వర్క్. ఐఐటీలోళ్లు చేసుకున్నది అదే గదా!

స్టార్టప్‌లో కొలువుకు పొయ్యేటోళ్లకు ఇంకో మాట. ‘మనమంతా ఒక కుటుంబం’ అంటరు. జీతం తక్కువ చేసి షేర్లు చూపెడతరు. కాయితం అడగండి. మొత్తం షేర్లెన్ని, అండ్ల మనవెన్ని? ఎంత ధరకు కొనుక్కోవాలె? మామూలుగ నాలుగేండ్లకు పూర్తిగ దక్కుతయి, ఏడాది నిండకముందే పోతే ఏం రావు. కంపెనీ అమ్ముడుపోతే ముందుగ పెట్టుబడిదారుడు తన వాటా తీసుకునే షరతు ఉంటది, మిగిలితేనే మనకు. కుటుంబమైతే పంపకాల కాయితం చూపెట్టుటానికి భయమెందుకు?

పరిచయం ఎవని తాత సొత్తూ కాదు. తెలిసినోడు తెలియనోనికి దారి చెప్పాలె. సర్కారు సొమ్ము తిన్నోడు లెక్క చెప్పాలె. చెప్పేదాక అడుగుదాం!