బోర్డు చూసి బస్సెక్కుదాం

మొన్న హైదరాబాదు మెహదీపట్నంలో సికింద్రాబాదు బస్సు కోసం నిలబడ్డాను. రాగానే నంబరు చూసుకుని, సీటు కూడా ఖాళీగా ఉంది కదా అని సంబరంగా కూర్చున్నాను. కండక్టరు రాగానే ధీమాగా ఆధార్ కార్డు తీశాను. "అమ్మా, ఇది డీలక్స్. టికెట్ తీసుకోవాలి" అన్నాడు. పర్సులో కార్డు తప్ప కాణీ లేదు! పక్కనున్న కాలేజీ అమ్మాయి టికెట్ కొనిపెట్టింది కాబట్టి సరిపోయింది గానీ, సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఇడ్లీరవ్వ డబ్బాకీ, ఉప్మారవ్వ డబ్బాకీ చీటీలు అంటించుకునే మనం, బస్సు దగ్గరకొచ్చేసరికి నంబరొక్కటే చూస్తాం. నంబరు చెప్పేది దారి మాత్రమే. టికెట్ కొనాలో అక్కర్లేదో చెప్పేది బోర్డు మీదుండే బస్సు రకం.

సిటీ ఆర్డినరీ అయితే అన్ని స్టాపుల్లోనూ ఆగుతుంది. కూరగాయల సంచీతో దగ్గర్లో దిగేవాళ్ళకి ఇదే మేలు. మెట్రో ఎక్స్‌ప్రెస్ చిన్న స్టాపుల్లో ఆగకపోవచ్చు, దూరం వెళ్ళేవాళ్ళకి బాగుంటుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకి ఉచితమైనవి సిటీలో ఈ రెండే. ఉచితమే కదా అని ఊరుకోకుండా, కార్డు చూపించి జీరో టికెట్ తప్పక తీసుకోండి. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది.

మెట్రో డీలక్స్‌లో మనమూ టికెట్ కొనాల్సిందే. శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళే పుష్పక్ ఏసీ బస్సులోనూ అంతే.

విజయవాడ, విశాఖ సోదరీమణులకి కూడా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లు ఉచితం. అయితే ఎవరి రాష్ట్రంలో వాళ్ళకే సుమా! పుట్టింటికి వెళ్ళినప్పుడు ఇక్కడి కార్డు అక్కడ చెల్లదు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో తెలుసా? పర్సు లోపలి అరలో ఓ వంద నోటు మడిచి పెట్టుకుంటున్నాను. ఆ కంగారులో ఆ అమ్మాయి పేరైనా అడగలేదు. ఆమె బాకీ ఎలాగూ తీర్చలేను. నాలాగే బోర్డు చూడకుండా ఎక్కి బిక్కమొహం వేసిన పెద్దావిడ ఎవరైనా కనిపిస్తే, ఆ నోటు ఆమె కోసం. మీరూ ఓ నోటు పెట్టుకోకూడదూ?