ముందు అడగండి, తర్వాత స్కానర్ పెట్టండి

"బండి జర్క్ కొడుతోంది." ఆటోమేటిక్ కారు గేరుబాక్సులో ఏ తేడా వచ్చినా మనవాళ్ళు చెప్పేది దాదాపు ఈ ఒక్క మాటే. సర్వీస్ సెంటర్లో అడ్వైజర్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి జాబ్ కార్డు మీద 'గేర్ షిఫ్టింగ్ ప్రాబ్లమ్' అని రాసుకుంటాడు. కార్డు లోపలికి వెళ్తుంది. టెక్నీషియన్ స్కానర్ తగిలిస్తాడు. కోడ్ వస్తే దాన్నిబట్టి ఒక పార్టు మారుస్తారు, రాకపోతే "అంతా నార్మలే సర్" అంటారు. బండి నడిపే మనిషీ, బండి విప్పే మనిషీ ఒక్కసారి కూడా మాట్లాడుకోరు. ఆటోమేటిక్ కార్ల రిపేర్లు మన దగ్గర తప్పుదారి పట్టేది ఇక్కడే అని నా అభిప్రాయం.

మన క్లాస్ గ్రూపులో ఎవడైనా "కోడ్ రన్ అవ్వట్లేదురా" అని మెసేజ్ పెడితే మనం ఊరుకుంటామా? ఏ ఇన్‌పుట్ ఇచ్చావ్, నిన్న రన్ అయిందా, మధ్యలో ఏం మార్చావ్, ప్రతిసారీ అంతేనా అప్పుడప్పుడా అని పది ప్రశ్నలు అడుగుతాం. ల్యాబ్ ప్రోగ్రామ్‌కే ఇన్ని అడిగే మనం, లక్షలు పెట్టి కొన్న కారు విషయంలో ఎవరూ ఏమీ అడగకపోయినా తాళాలు ఇచ్చేసి వచ్చేస్తాం.

కోకాపేటలో ఇది చిన్న విషయం కాదు. 2023 ఆగస్టులో నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికిన చోటు ఇది. భూమి రేటు ఎంత పెరిగినా రోడ్డు మీద మాత్రం అందరం బంపర్‌కి బంపర్ ఆనించుకునే పోవాలి. సాయంత్రం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి నార్సింగి వైపు పాకుతూ వచ్చే ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేకే చాలామంది ఆటోమేటిక్ కొంటున్నారు. అలా పాకడమే కొన్ని రకాల ఆటోమేటిక్‌లకి అన్నిటికన్నా కష్టమైన పని. గేరుబాక్సు దింపాల్సి వస్తే బిల్లు లక్షల్లోకి పోవచ్చు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ర్యాంప్ ఎక్కి, వెనక లారీ వస్తున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరిచి బండి ముందుకి పోకపోతే ఏంటి పరిస్థితి?

అందుకని మొదటి ప్రశ్న: ఇది ఏ ఆటోమేటిక్? మనం అన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తాం గానీ లోపల నాలుగు వేరు వేరు యంత్రాలున్నాయి. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర బాగా పాపులర్ అయిన ఏఎంటీ, నిజానికి మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ మన బదులు ఒక యాక్చుయేటర్ చేస్తుంది. గేరు మారేటప్పుడు ఒక్క క్షణం గుంజుడు ఆగి తల ముందుకి ఊగడం దాని స్వభావం, జబ్బు కాదు. సీవీటీలో మెట్లు మెట్లుగా గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఒక బెల్టు ఉంటుంది. గట్టిగా తొక్కితే ముందు ఆర్పీఎం లేచి, స్పీడు తర్వాత రావడం దాని స్వభావం. డ్యూయల్ క్లచ్‌లో బేసి గేర్లకి ఒక క్లచ్, సరి గేర్లకి ఇంకో క్లచ్. అవి ఆయిల్లో మునగని డ్రై రకమైతే ట్రాఫిక్‌లో పాకేకొద్దీ వేడెక్కుతాయి. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ శక్తిని గేరుబాక్సుకి అందించేది ఆయిలే. నిలకడగా పోయేటప్పుడు మాత్రం లాక్-అప్ క్లచ్ రెండిటినీ గట్టిగా కలిపి పట్టుకుంటుంది. ఒకదాంట్లో మామూలు విషయం ఇంకోదాంట్లో పెద్ద రోగం.

రెండో ప్రశ్న: సరిగ్గా ఏం జరుగుతోంది? ఇక్కడే మన క్లబ్‌కి సంబంధించిన సంగతి వస్తుంది. ఇలాంటివి చెప్పడానికి తెలుగులో మాటలెక్కడ ఉన్నాయి అంటారు, ముఖ్యంగా నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళు. బోలెడున్నాయి. గేరు మారే క్షణంలో వెనక నుంచి ఎవరో తన్నినట్టుంటే అది కుదుపు. అరవై డెబ్బై స్పీడులో నిలకడగా పోతున్నప్పుడు రంబుల్ స్ట్రిప్స్ మీద పోతున్నట్టు సీటు అదిరితే అది వణుకు. ఆర్పీఎం ముల్లు లేచి బండి మాత్రం గుంజకపోతే అది జారడం. పొద్దున్నే సెల్లార్లో ఆర్ నుంచి డీకి మార్చాక ఒకటి రెండు సెకన్లు ఏమీ కాకుండా, తర్వాత ధబ్‌మని అందుకుంటే అది ఆలస్యం.

ఈ నాలుగు మాటలూ నాలుగు దారులు చూపిస్తాయి. వణుకు అంటే టార్క్ కన్వర్టర్ బండిలో లాక్-అప్ క్లచ్‌ని అనుమానించాలి. కానీ ఇంజన్లో ఒక సిలిండర్ సరిగ్గా మండకపోయినా అలాగే వణుకుతుంది, దానికి స్పార్క్ ప్లగ్గో ఇగ్నిషన్ కాయిలో మారిస్తే సరిపోవచ్చు. ఆలస్యం అంటే ముందు ఆయిల్ తగ్గిందేమో చూడాలి. ఆ ధబ్ శబ్దం అరిగిపోయిన ఇంజన్ మౌంట్‌ది కూడా కావచ్చు. 'జర్క్' అనే ఒక్క మాట కింద వీటన్నిటినీ పడేస్తే వందల్లో పోయేది లక్షల్లోకి వెళ్తుంది.

మూడో ప్రశ్న: ఎప్పుడు? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? సాయంత్రం ముప్పావుగంట ట్రాఫిక్ తర్వాత మాత్రమే కుదుపు వచ్చే బండిని మరుసటి రోజు పొద్దున చల్లటి ఇంజన్‌తో ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి చూస్తే ఏం దొరుకుతుంది? ఏమీ దొరకదు. "నార్మలే సర్" అనే మాట చాలాసార్లు ఇలాగే పుడుతుంది.

స్కానర్ అబద్ధం చెప్పదు కదా అని అడగొచ్చు. నిజమే, చెప్పదు. కానీ పూర్తిగానూ చెప్పదు. పి0700 అనే కోడ్‌కి అర్థం 'ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ వైపు ఏదో ఉంది, అక్కడికెళ్ళి చూడు' అని మాత్రమే. పి0730 అంటే గేర్ రేషియో తప్పుగా ఉందని. గేరుబాక్సులోకి వెళ్ళే స్పీడుకీ బయటికొచ్చే స్పీడుకీ లెక్క కుదరలేదన్నమాట. లోపల క్లచ్ జారుతూ ఉండొచ్చు, ఆయిల్ తక్కువ ఉండొచ్చు, సోలెనాయిడ్ ఇరుక్కుని ఉండొచ్చు, లేదా ఆ స్పీడు కొలిచే సెన్సారే చెడిపోయి ఉండొచ్చు. వైరింగ్, ఆయిల్ చూడకుండా కోడ్‌లో కనిపించిన పేరునిబట్టి పార్టు మార్చడం, ఎర్రర్ చూపించిన లైన్ డిలీట్ చేసి బగ్ పోయిందనుకోవడం లాంటిదే. పైగా నోట్ చేసుకోకుండానే కోడ్స్ క్లియర్ చేసేస్తుంటారు. కోడ్ పడినప్పటి స్పీడు, ఆర్పీఎం, ఇంజన్ వేడి కంప్యూటర్ దాచిపెట్టి ఉంటే అవీ దాంతోపాటే పోతాయి. లాగ్స్ చెరిపేసి డీబగ్గింగ్ మొదలుపెట్టినట్టు.

కస్టమర్ చెప్పేది నమ్మలేమని వర్క్‌షాపుల వాదన. ఏఎంటీ తల ఊపడాన్ని రోగం అనుకుని వచ్చేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇందులోనూ కొంత నిజముంది. కానీ వినకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో చూశారు. పవర్‌షిఫ్ట్ అనే డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు ఉన్న ఫోర్డ్ ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లు వణుకుతున్నాయని ఓనర్లు మొత్తుకున్నారు. గేరుబాక్సుతో సమస్యలున్నాయని కంపెనీకి తెలుసు. అయినా కొందరికి అది మీ డ్రైవింగ్ స్టైల్ వల్లే అని జవాబొచ్చింది. వినియోగదారుల కమిషన్ కోర్టుకెళ్ళింది. 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాకి కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అక్కడ రోగం పేరు సరిగ్గా చెప్పింది స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళే.

టైమ్ లేదనేది ఇంకో వాదన. పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర బండ్లు వరసగా నిలబడితే ఒక్కొక్కరి కథ ఎక్కడ వింటారు? కానీ పావుగంట వినడం గేరుబాక్సు దింపి ఎక్కించడం కంటే ఎక్కువ పనా?

నేను అడిగేవి పెద్దవేం కాదు. జాబ్ కార్డు మీద కస్టమర్ మాటని అతని మాటల్లోనే, తెలుగైతే తెలుగులోనే రాయాలి. ఓనర్ని పక్కన కూర్చోబెట్టుకుని, సమస్య వచ్చే పరిస్థితిలోనే రోడ్ టెస్ట్ చేయాలి. క్లియర్ చేయకముందే కోడ్స్ ప్రింట్ ఇవ్వాలి. "ఆయిల్ చూశాం, బాగుంది" అంటే ఎలా చూశారో చెప్పాలి. ఎందుకంటే ఇప్పటి చాలా కార్లకి గేరుబాక్సు డిప్‌స్టిక్కే ఉండదు, బండిని సమతలంగా లేపి ఆయిల్ ఫలానా వేడిలో ఉన్నప్పుడు లెవల్ చూడాలి.

మన వంతు కూడా ఒకటుంది. ఇంట్లో ఆటోమేటిక్ ఉంటే, అది ఈ నాలుగింటిలో ఏదో ఇవాళే మాన్యువల్ తీసి చూడండి. తేడా అనిపించిన రోజున ఎంత స్పీడు, చల్లగానా వేడిగానా, కుదుపా వణుకా జారడమా ఆలస్యమా అని ఫోన్లో రాసిపెట్టండి. నాన్నగారు సర్వీస్‌కి వెళ్ళేటప్పుడు ఆ నోట్ ఆయనకి ఫార్వర్డ్ చేయండి. కౌంటర్ దగ్గర అది చదివి వినిపించి, అలాగే రాయమని ఆయన్ని అడగమనండి.