కోడికి కూడా వైద్యమా?

ఎల్‌బీ నగర్‌లో మేము అద్దెకుండే ఇంటి మెట్ల మీద ఈ మాట మూడు రోజుల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఇంటి ఓనరు అన్నాడు, కిందింటావిడ నవ్వుతూ అన్నది. వాళ్ల మీద మాకు కోపం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో డీఎస్సీ కోచింగ్ తీసుకుంటూ ఆదివారం మా ఇంటికి అన్నానికి వచ్చే మన పిల్లలూ అదే మాట అన్నారు. "కోసేద్దాం సార్, కూరకన్నా అయితది" అన్నారు. కోపమంతా అక్కడే.

మా పెద్దమ్మ కంటి ఆపరేషన్ కోసం భద్రాచలం బస్సులో వచ్చింది. గంపలో ఒక పెట్టను తెచ్చింది. అది కోసుకోవడానికి కాదు, పెంచుకోవడానికి. మిద్దె మీద వదిలాం. మిద్దె మీద ఏముంటాయి? పాత సిమెంటు బస్తాలు, బస్తాల నుంచి ఊడిన ప్లాస్టిక్ దారాలు, ఎవరో పారేసిన అన్నం. వారం తిరగకుండా పెట్ట ముడుచుకుని కూర్చుంది. మేత ముట్టలేదు.

పెద్దమ్మ చీకటితోనే లేచి, మేత వేయకముందే దాని మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. "రాత్రి తిన్నది తెల్లారేసరికి దిగాలె. దిగలేదు" అన్నది. ఆ మేత సంచి రాయిలా గట్టిగా ఉంది. పశువైద్యులు చూసే మొదటి పరీక్షా ఇదే. ఆరోగ్యంగా ఉన్న కోడికి పొద్దున్నే ఆ సంచి ఖాళీగా ఉండాలి. గట్టిగా ఉంటే ఏదో అడ్డుపడ్డట్టు. మెత్తగా, నీళ్ల తిత్తిలా ఉండి నోరు పుల్లటి వాసన వస్తే లోపల పులిసినట్టు. పెద్దమ్మ ఏ కాలేజీలో చదివింది?

ఆమె కొత్త బ్లేడు, సూది, దారం అడిగింది. ఊళ్లో మూడు కోళ్లకు ఆ సంచి కోసి, శుభ్రం చేసి కుట్టిందట. మేము వద్దన్నాం. చదువుకున్నవాళ్లం కదా! గంప బండి మీద పెట్టుకుని తిరిగాం. ఒక క్లినిక్‌లో కుక్కలకు, పిల్లులకే చూస్తామన్నారు. ఇంకో చోట "కోడి ఖరీదెంత, మా ఫీజెంత?" అన్నారు. ఇదే రింగురోడ్డు పట్టుకుని ఆరాంఘర్ దాటితే రాజేంద్రనగర్. పశువైద్య కళాశాల అక్కడే, వనరాజా, గ్రామప్రియ కోళ్లను తయారుచేసిన కోళ్ల పరిశోధన సంస్థా అక్కడే. ఆ సంగతి తెలిసి కూడా మొదటి రోజే పోలేదు. రేపు పోదామనుకున్నాం. ఆ రాత్రే చనిపోయింది. కోసి చూస్తే బస్తా దారాలు ముద్దగా చుట్టుకుని, మధ్యలో కుళ్లిన అన్నం.

పెద్దమ్మ కోత కోసి ఉంటే బతికేదా? చెప్పలేం. నొప్పి తెలియకుండా మందిచ్చి డాక్టరు చేసే పని అది, ఎవరింట్లో వాళ్లు చేయమని మేము రాయం. కానీ తెలిసిన చేతిని మేము ఆపాం, తెలిసిన డాక్టరు దగ్గరికీ పోలేదు. ఆ తప్పు మాదే.

కోడంటే అంత చులకన ఎందుకు? గూడెంలో ఆవు, ఎద్దు మగవాళ్ల లెక్క. కోడి ఆడవాళ్ల చేతి డబ్బు. మన నోటు పుస్తకాలు, హాస్టలుకు బస్సు ఛార్జీలు కోడి అమ్మితే వచ్చినవే. ఒకరి పెట్టను ఇంకొకరు వాటాకు పెంచి పిల్లలు పంచుకునే పద్ధతితో ఏమీ లేని ఇల్లు కూడా నిలబడింది. 2019 పశుగణనలో దేశంలో పెరటి కోళ్లు 31 కోట్లు దాటాయి. ఇంత సంపదకు వైద్యం అడిగితే నవ్వుతారా?

కోచింగ్ పిల్లలను అడగండి. కొక్కెర వ్యాధి వైరస్‌తో వస్తుందా, బ్యాక్టీరియాతో వస్తుందా? టక్కున చెబుతారు, ఒక మార్కు బిట్టు అది. రాణిఖేత్ అనే పేరు ఆ ఊళ్లో 1927లో బయటపడింది కాబట్టి వచ్చిందనీ చెబుతారు. కానీ పచ్చగా, తెల్లగా పారుతున్న కోడిని, మెడ తిప్పేస్తున్న కోడిని ఎదురుగా పెడితే ఏం చేయాలో తెలియదు.

అలాగని పెద్దవాళ్లు చేసేదంతా మంచిదే అనీ అనం. కొక్కెర వచ్చిన కోడిని కోసుకుని ఈకలు, పేగులు బజారులో పారేయడం, మిగిలినవాటిని సగం ధరకు సంతలో తోసేయడం తప్పు. రోగం గూడెం నుంచి గూడేనికి పోయేది అలాగే. చచ్చిన కోడిని లోతుగా పాతిపెట్టాలి, రోగమున్నదాన్ని వేరుగా కట్టాలి. టీకా ఉంది: పిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్క, ఎనిమిది వారాలకు సూది. ఒక సీసాలో వంద, ఆపైన కోళ్లకు సరిపడా మందుంటుంది. కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి. ఒక్క ఇంటికి అది కుదరదు. గూడెమంతా ఒకే రోజు వేయించుకోవాలి. 1962కు ఫోన్ చేసి ఆవుకే కాదు, కోడికీ అడగండి.

చిన్న పిల్లలు నెత్తురు విరేచనం చేస్తుంటే అది వేరే జబ్బు, తడి నేల మీద పెరుగుతుంది. దానికి మనుషుల కడుపునొప్పి బిళ్ల అరచి వేయకండి. మేత సంచి నిండిన కోడిని తలకిందులు చేసి పిండకండి, ఆ నీళ్లు ఊపిరిలోకి పోయి ప్రాణం తీస్తాయి. మేత ఆపి మంచినీళ్లు పెట్టి, డాక్టరు దగ్గరికి పోండి.

టీచర్లకు ఒక మాట. పరిసరాల విజ్ఞానం పీరియడుకు ఒక కోడిని, ఆ కోడిని పెంచిన అమ్మనూ బడికి పిలవండి. తెల్లవారి కోడి మెడ కింద ఎక్కడ చెయ్యి పెట్టాలో ఆమె చూపిస్తుంది. పిల్లల వెనక మీరూ నిలబడి నేర్చుకోండి. పెద్దమ్మ ఊరికి పోయేటప్పుడు ఖాళీ గంపను మా దగ్గరే వదిలిపెట్టింది. ఇంకో పెట్టను తెస్తుందట, ముందు మిద్దె మీద దారాలు ఏరమన్నది.