ఇంటి చదువు, ఇంటనుండియే చదువు

గత వేసవి సెలవులలో మా పాఠశాల పూర్వవిద్యార్థిని యొకతె మాకు జాబు వ్రాసెను. ఆమె వివాహమై భర్తతో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమునకు వెళ్లి యేడేండ్లయినది. ఇచ్చట డిగ్రీ రెండవ సంవత్సరములో నుండగా చదువు నిలిచిపోయెను. ఇప్పు డిద్దరు బిడ్డల తల్లి. ఇంటనుండియే ఆన్‌లైను పద్ధతిని కుటుంబ, వినియోగదారుల శాస్త్రములలో బి.ఎస్. పట్టమునకు చదువ దలచితిననియు, ఇంటి పెద్దలు "అన్నము వండుటకును బిడ్డను పెంచుటకును పట్టమెందుకమ్మా? అదియు కంప్యూటరు ముందు కూర్చుండియా?" యని నవ్వుచున్నారనియు వ్రాసి, మా యభిప్రాయ మడిగినది. ఆమెకు ప్రత్యుత్తరము పంపితిమి. కాని యీ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు గనుక నిచ్చటను వ్రాయుచున్నాము.

ఆ నవ్వులో రెండు పరిహాసములు కలిసియున్నవి. మొదటిది విషయమునుగూర్చినది. ఈ శాస్త్రమునకు మూలపురుషులెవరని వెదకినచో (మూలస్త్రీ యనుటయే సరి) ఎల్లెన్ స్వాలో రిచర్డ్స్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు కనబడును. ఆమె 1873లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పట్టము పొందిన మొదటి స్త్రీ. త్రాగు నీటిని, తిను పదార్థములను పరీక్షించి, కల్తీని, మురికిని పట్టి చూపినది. 1899లో న్యూయార్కు రాష్ట్రములోని లేక్ ప్లాసిడ్ అను నూర కొందరు కూడి గృహశాస్త్రమునకు రూపమిచ్చిన సభకు ఆమెయే అధ్యక్షురాలు. 1908 చివర నేర్పడిన అమెరికా గృహశాస్త్ర సంఘము 1994లో పేరు మార్చుకొని కుటుంబ, వినియోగదారుల శాస్త్రముల సంఘమయ్యెను. పేరు మారుటకు కారణము లేకపోలేదు. వంట యందొక భాగము మాత్రమే. పోషణ, శిశువుల యెదుగుదల, వస్త్రములు, గృహవసతి, ఇంటి జమాఖర్చులు, కొనువాని హక్కులు, ఇవన్నియు నందు చేరియున్నవి.

జమాఖర్చుల మాట కొంచెము చెప్పెదము. ఒక యిల్లాలు క్రెడిట్ కార్డుపై వెయ్యి డాలర్లు బాకీ పడినదనుకొందము. వడ్డీ ఏటికి 24 శాతము. నెలకు సుమారు 20 డాలర్లు వడ్డీయే యగును. ఆమె నెలకు 25 డాలర్లు కట్టి "తీర్చుచున్నాను గదా" యని ధైర్యముగా నుండును. కాని మొదటి నెలలో అసలునుండి తరుగునది అయిదు డాలర్లే. మన యూళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ యన్నచో గుండె ఝల్లుమనును. ఏటికి లెక్కవేసిన నదియు నీ 24 శాతమే, కాని నిగనిగలాడు కార్డు రూపమున వచ్చినప్పుడు మన మానవాలు పట్టము. వడ్డీరేటును అప్పు తీసికొనువానికి స్పష్టముగా తెలుపవలెనని అమెరికాలో 1968లోనే చట్టము వచ్చినది. చట్టము ముద్రింపజేయగలదు గాని చదివింపలేదు గదా! చదివి లెక్కకట్టు నేర్పును పిల్లలకు బోధించు నుపాధ్యాయులలో కొందరు ఈ పట్టము పొందినవారు. ఆ దేశపు పాఠశాలలలో నీ తరగతియందు బాలురును కూర్చుందురు. మన బాలురు గమనింతురు గాక.

రెండవ పరిహాసము, దూరమునుండి చదువుటను గూర్చినది. ఈ శాస్త్రమునకు దూరవిద్య క్రొత్తచుట్టము కాదు, తోబుట్టువు. 1873లో బోస్టనులో స్త్రీలకు తపాలాద్వారా ఇంటివద్దనే చదువు చెప్పు సంఘమొకటి వెలసెను. అందు విజ్ఞానశాస్త్రమును బోధించినవారిలో పైన చెప్పిన రిచర్డ్స్ గారొకరు. 1900లో కార్నెల్ విశ్వవిద్యాలయమువారు రైతుల భార్యలకొరకు ఇంటివద్ద చదువుకొను పాఠక్రమమును మార్తా వాన్ రెన్సెలేర్ గారిచే ప్రారంభింపజేసిరి. ఇంటిపనిలో అడుగులు తగ్గించుకొనుట మొదటి పత్రికకు విషయము. స్త్రీలు పొలముల మధ్యనున్న యిండ్లనుండి జవాబులు వ్రాసి పంపిరి. ఆ చిన్న పాఠక్రమమే పెరిగి పెద్దదై గృహశాస్త్ర కళాశాలయైనది. అంతకన్న మాకు నచ్చిన సంగతి యొకటి గలదు. ఆ మార్తాగారు ఇతరులకు చదువు చెప్పుచునే తాము 1909లో, నలువదియైదవ యేట, కార్నెల్ పట్టము పుచ్చుకొనిరి. మన హైదరాబాదులోను 1982లో దేశమునకే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసి, ఉద్యోగస్థులకును గృహిణులకును దారి చూపినది. కావున ఇంటనుండి చదివిన చదువు చదువే కాదనుట మేమొప్పము.

అట్లని కంప్యూటరు తెరపై నన్నియు వచ్చునని చెప్పుటయు సత్యము కాదు. గుడ్డపీచు కొసకు నిప్పంటించి, కాగితము కాలిన వాసన వచ్చిన నూలనియు, వెండ్రుకలు కాలిన వాసన వచ్చిన పట్టో ఉన్నియో యనియు తెలిసికొనుటకు ముక్కు కావలెను. శిశువులను పరిశీలించుటకు పరుల బిడ్డలు కావలెను, తన బిడ్డయందు తల్లి కన్ను న్యాయమూర్తి కానేరదు. ఉపాధ్యాయిని కాగోరు నామె నిజమైన తరగతిలో, అనుభవజ్ఞుల యెదుట, పాఠము చెప్పి తీరవలెను. బోధనానుమతి నియమములు రాష్ట్ర రాష్ట్రమునకు మారును. కావున తానుండు రాష్ట్రము తన పట్టము నంగీకరించునా, ఆ విద్యాలయమునకు తగిన గుర్తింపు కలదా యని మొదటనే వ్రాతమూలకముగా నడిగి తెలిసికొన వలెను. భర్త ఉద్యోగమునుబట్టి హెచ్-4 వీసాపై నుండు భార్యలు చదువుకొనవచ్చును గాని, ఉద్యోగము చేయు ననుమతి వారందరకును లేదు. ఫెడరలు ప్రభుత్వపు విద్యార్థి సహాయమును వారికి లభింపదు. సొమ్ము ఇంటి సంచిలోనిదే. ఈ సంగతిని మా విద్యార్థినికి దాచక వ్రాసితిమి.

కాలపు లెక్కయు వ్రాసితిమి. పట్టమునకు సాధారణముగా 120 క్రెడిట్లు కావలెను. అర్ధసంవత్సరమునకు రెండు కోర్సులు, అనగా ఆరు క్రెడిట్లు చొప్పున చదివినచో ఇరువది అర్ధసంవత్సరములు, పదియేండ్లు పట్టును. ఇచ్చట చదివిన రెండేండ్ల చదువును విద్యాలయమువారు లెక్కలోనికి తీసికొన్నయెడల కొంత తగ్గును.

కాని మా భయమంతయు వేరొకచోట నున్నది. కళాశాలకు బస్సెక్కి పోవుదానిని ఎవరును పిలువరు. ఇంటిలో గూర్చుండి చదువుదానిని అందరును పిలుతురు. "ఇంటనే యున్నావు గదా" యను నొక్కమాటతో పాఠము పాడగును. కార్నెల్ పత్రిక చదివి అడుగులు మిగుల్చుకొన్న రైతు భార్యకు, ఆ మిగిలిన కాలము తనదని యెవరైన చెప్పిరో లేదో! సంసారమున కాలమును పంచుకొను విద్య ఈ పట్టములో నొక పాఠము. ఆ పాఠము చదువుటకే యిల్లాలికి గంట దొరకకపోవుట చూచిన నవ్వవలెనో యేడ్వవలెనో తోచదు. మా నిశ్చయము, ఆమె చదువవలెననియే. అయితే సంవత్సరపు రుసుము కట్టకముందే వారమునకు ఏ గంటలు ఆమెవో ఇంటివారందరును కూర్చుండి నిర్ణయింపవలెను. వంటయింటి తలుపు ఆ గంటలలో ఇతరులకును తెరచియే యుండును.

జనవరినుండి రెండు కోర్సులలో చేరితినని ఆమె మరల జాబు వ్రాసినది. మంగళ, గురువారముల రాత్రి వంట భర్తదట. మొదటి వ్రాతపని తమ యింటి నెలసరి ఖర్చుల పట్టిక. దానిని భర్తయు ప్రక్కన కూర్చుండి సరిచూచెనట. క్రెడిట్ కార్డు పంక్తి వచ్చినప్పుడు ఇరువురును కొంతసేపు మాటాడలేదట.