ధ్వని సంచయాల శుద్ధి: ఏది మలినం, ఏది మాట?

తెలుగులో ‘అటు’ అన్న మాటకూ ‘అట్టు’ అన్న మాటకూ గల భేదం ప్రధానంగా ఒక నిశ్శబ్దపు నిడివి. నాలుక అంగిటిని తాకి గాలిని నిలిపివేసిన ఆ క్షణంలో నోటి నుండి ఏ ధ్వనీ వెలువడదు. ఆ మౌనం కొద్దిపాటిదైతే అది ఒక దిక్కును సూచిస్తుంది. కాస్త సాగితే పెనం మీది అట్టు అవుతుంది. ‘ఒకటి’ అనడానికీ, మరేదీ లేదన్నట్లు ‘ఒక్కటి’ అని నొక్కి పలకడానికీ మధ్య ఉన్నదీ అటువంటి విరామమే. వ్యాకర్తలు దీనిని ద్విత్వమన్నారు. అక్షరం రాని పసివాడు సైతం ఈ తేడాను చెవితో పట్టుకుంటాడు. కంప్యూటరుకు మాత్రం అక్కడ కనిపించేది ఖాళీ. ఖాళీలను తుడిచివేయమని ఆజ్ఞాపిస్తే ఇది మాటలోని ఖాళీయా, మాటల మధ్య ఖాళీయా అని అది విచారించదు.

ఈ విషయాన్ని ప్రవాసాంధ్రులు పట్టించుకోవలసిన కారణమున్నది. కంప్యూటరుకు తెలుగు వినడం, పలకడం నేర్పే కృషి కొన్నేళ్ళుగా చురుకుగా సాగుతున్నది. 2018 సెప్టెంబరులో హైదరాబాదులో జరిగిన ఇంటర్‌స్పీచ్ అంతర్జాతీయ సమావేశం సందర్భంగా మైక్రోసాఫ్ట్ సంస్థ తెలుగు, తమిళం, గుజరాతీ భాషలలో ఒక్కొక్కదానికి 40 గంటల శిక్షణ ప్రసంగాన్ని పరిశోధకులకు అందజేసింది. 2020లో గూగుల్ పరిశోధకులు పలువురు వక్తల తెలుగు పఠనాన్ని ఎవరైనా వాడుకొనేలా విడుదల చేశారు. మద్రాసు ఐ.ఐ.టి.లోని ఎ.ఐ.4భారత్ బృందం 2024లో 22 భారతీయ భాషల సహజ సంభాషణలను ‘ఇండిక్‌వాయిసెస్’ పేరిట వెలువరించడం ఆరంభించింది. ఇటువంటి ధ్వని సంచయాలలో ఎవరి తెలుగు ఉంటుందో, రేపటి యంత్రాలకు ఆ తెలుగే అర్థమవుతుంది.

ప్రవాసుల ఇళ్ళలో మరొక సంచయం ఉన్నది. దానికి పేరు లేదు, జాబితా లేదు. విదేశీ టెలిఫోను నిమిషానికింత అని లెక్కగట్టే రోజులలో కుటుంబాలు ఉత్తరానికి బదులు కాసెట్లో మాట్లాడి పంపుకొనేవి. నాయనమ్మల ఆశీస్సులు, పెళ్ళిపాటలు, పొలం తగాదాల వివరాలు, ఊరి మరణవార్తలు ఆ నాడాలలో ఉన్నాయి. శ్రీకాకుళం యాస, పాలమూరు యాస, కడప యాస, ఐదారు దశాబ్దాల నాటి ఉచ్చారణతో అక్కడ నిలిచి ఉన్నాయి. పుస్తకం చూసి చదివించిన వాక్యాలలో ఆ తెలుగు దొరకదు. ఏ తెలుగు సంఘమైనా వాటిని సేకరించి కంప్యూటరులోకి ఎక్కించాలని సంకల్పిస్తే, పెద్ద సంస్థలు వాడే పరికరాలనే తానూ వాడుకోవచ్చును. అవి ఉచితం.

వాటిలో రెండు ముఖ్యమైనవి. మొదటిది ‘సాక్స్’. లాన్స్ నార్స్‌కాగ్ 1991లో విడుదల చేసిన ఈ ప్రోగ్రామును తరువాత క్రిస్ బాగ్‌వెల్ తదితరులు పెంచి పోషించారు. 2015లో వెలువడిన 14.4.2 రూపం నేటికీ విరివిగా వాడుకలో ఉన్నది. రెండవది 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ ప్రారంభించిన ‘ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్’. ధ్వనిలోనూ దృశ్యంలోనూ అది చదవలేని రూపం దాదాపు లేదనవచ్చు. ఈ రెండింటినీ నడపడానికి బొమ్మలూ బొత్తాలూ అవసరం లేదు. కమాండ్ లైన్ అనే నల్లని తెర మీద ఒక వాక్యం టైపు చేస్తే చాలు. ఏ ఫైలు, ఏ రూపంలోకి, ఏ మార్పుతో అన్నదే ఆ వాక్యం. ఒక ఫైలుకు వ్రాసిన వాక్యాన్ని పదివేల ఫైళ్ళకు వర్తింపజేయడం మరొక పంక్తి పని. పైగా చేసిన పని అక్షరరూపంలో మిగులుతుంది. బొత్తాలు నొక్కి చేసిన మార్పును మరునాడు చేసినవారే చెప్పలేరు. వ్రాసిన ఆదేశాన్ని ఇరవై ఏళ్ళ తరువాత మరొకరు చదివి తప్పు పట్టవచ్చు.

ఇంతటి సౌలభ్యంలోనే ప్రమాదమూ ఉన్నది. మంచి ఆదేశం ఎంత వేగంగా పదివేల ఫైళ్ళను చక్కబరుస్తుందో, చెడ్డ ఆదేశం అంతే వేగంగా పాడు చేస్తుంది. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చెరిపి వ్రాయనా అని అడుగుతుంది. సాక్స్ ప్రత్యేకంగా వారించకపోతే ఆ మర్యాద కూడా పాటించదు.

అసలు చర్చించవలసింది శుద్ధి గురించి. సాక్స్‌లో ‘సైలెన్స్’ అనే ఆదేశం ఉన్నది. ఫలానా మట్టం కంటె తక్కువ బలమున్న ధ్వని ఫలానా కాలం కంటె ఎక్కువసేపు సాగితే తీసివేయమని దాని భావం. చేతులు మారుతూ వచ్చే వంటకపు చీటీ వలె, ఒక శాతం మట్టం, సెకనులో పదోవంతు కాలం అన్న అంకెలను చాలామంది యథాతథంగా దించుకుంటారు. ఇంగ్లీషులో ఒకే పదం లోపల హల్లు నిడివి మారినంత మాత్రాన సాధారణంగా అర్థం మారదు గనుక అక్కడ ఆ అంకెలు పెద్దగా బాధించవు. తెలుగులో, అందునా వృద్ధుల నిదానమైన పలుకుబడిలో, ‘ట్ట’, ‘క్క’, ‘ప్ప’ల లోపలి మౌనం సెకనులో పదోవంతును తరచు మించిపోతుంది. అప్పుడు కత్తెర పడేది వక్త ఊపిరి తీసుకొన్నచోట మాత్రమే కాదు, ద్విత్వం నడుమ కూడా. ఎదురుగా ఉన్న వ్రాతప్రతిలో ‘అట్టు’ అని ఉంటుంది, వినబడేది ‘అటు’కు దగ్గరగా ఉంటుంది. అటువంటి జంటలను వేలకొలది చూపి యంత్రానికి తెలుగు నేర్పితే, తరువాత అది తడబడినప్పుడు తెలుగు కష్టమైన భాష అని తీర్మానిస్తారు!

వాక్యాంతాల సంగతి ఇంతకంటె సున్నితం. తెలుగు వాక్యంలో కర్త ఎవరో, పని జరిగిందో లేదో, చెబుతున్నారో అడుగుతున్నారో తేల్చేది తరచు క్రియ చివరి అక్షరమే. ‘వచ్చాడు’, ‘వచ్చాడా’ అన్న రెంటికీ అంతకు మించిన తేడా లేదు. మాట ముగిసే వేళకు ఊపిరి తగ్గి గొంతు దిగిపోతుంది. చివరలను మట్టం చూసి కత్తిరించే ఆదేశం అక్కడే పళ్ళు దిగేస్తుంది. కనుక తెలుగుకు ఆ కాలపరిమితిని సగం సెకనుకైనా పెంచాలి, మట్టాన్ని తగ్గించాలి, ప్రతి ముక్కకూ ముందు వెనుకల కొంత మౌనాన్ని ఉంచాలి. పదం నడుమ కోతను పూర్తిగా మానివేయడమే ఉత్తమం. ఈ నిర్ణయం సాంకేతిక నిపుణులకు మాత్రమే వదిలేది కాదు, భాష తెలిసినవారు పక్కన కూర్చొని చేయవలసినది.

హోరును తొలగించే ఆదేశాలు మరొక జంట. మాట లేని ఒక ముక్కను చూపితే ‘నాయిస్‌ప్రొఫ్’ ఆ హోరు స్వరూపాన్ని లెక్కగడుతుంది, ‘నాయిస్‌రెడ్’ దానిని మొత్తం ధ్వని నుండి తగ్గిస్తుంది. కాసెట్ నాడా వెంబడి వచ్చే ‘స్...’ అనే శబ్దానికి ఇది మంచి మందే, మోతాదు మించనంత వరకు. చిక్కేమంటే తెలుగు ‘స’, ‘శ’, ‘హ’లు స్వభావరీత్యా ఆ హోరుకు చుట్టాలు. మోతాదు పెరిగితే ముందుగా వాటి అంచులు అరిగి, పైపెచ్చు అసలు లేని గలగల శబ్దాలు కొత్తగా పుట్టుకొస్తాయి.

కాసెట్లలో మరొక హోరు ఉంటుంది. విద్యుత్తు మీద నడిచిన టేపు రికార్డరులోకి ఆ విద్యుత్తు గుంయ్‌మనే నాదం దొర్లుతుంది. విజయవాడలో రికార్డు చేస్తే 50 హెర్ట్‌జ్, షికాగోలో చేస్తే 60. పై చీటీ పోయిన కాసెట్టు ఏ దేశంలో మాట్లాడినదో ఆ గుంయ్‌కారమే చెప్పవచ్చు. శుద్ధి చేసేవారు మొదట ఊడ్చేది దానినే. నాదం మూలాన్ని ఒక్కదానినీ సన్నగా తీసివేస్తే మాటకు హాని ఉండదు. కాని 300 హెర్ట్‌జ్ లోపున్నదంతా కోసేస్తే పురుషుల కంఠానికి ఆధారమైన 100 హెర్ట్‌జ్ పరిసరాలు పోయి, తాతగారు డబ్బాలోంచి మాట్లాడినట్లుంటారు.

రూపాంతరం చేయడంలో పొరపాట్లు ఇంత సూక్ష్మం కావు గాని, దిద్దుకోవడానికి వీలులేనివి. సెకనుకు 8,000 నమూనాలు తీసే టెలిఫోను పద్ధతిలో 4,000 హెర్ట్‌జ్ పైనున్నదేదీ మిగలదు. ‘స’కారపు బలం చాలావరకు ఆ పైననే ఉంటుంది. ప్రసంగ యంత్రాలు కోరే 16,000 నమూనాలు దానికి నయం. ఎమ్‌పీ3గా ఒకసారి కుదించిన ధ్వనిని మళ్ళీ వేవ్‌గా మార్చినంత మాత్రాన పోయినది తిరిగి రాదు. పిండి వడ్లు కాదు. రెండు మైకులతో ఎడమవైపు అమ్మమ్మ, కుడివైపు మనవరాలు రికార్డయి ఉంటే, వాటిని ఒకే వైపుగా కలిపాక వారిని విడదీయడం దాదాపు అసాధ్యం.

శుద్ధి పక్షాన ఒక వాదమున్నది. యంత్రానికి నిర్మలమైన ధ్వని ఇస్తేనే సరిగా నేర్చుకుంటుందంటారు. చెవులకు హాయిగా ఉండే పలుకును యంత్రం చేత పలికించాలంటే అది నిజమే. వినడం నేర్పడానికి మాత్రం ఆ వాదం నిలవదు. 2015 నాటికే పరిశోధకులు ‘కాల్డి’ అనే ప్రసిద్ధ ప్రోగ్రాముల సముదాయంలో ఇదే సాక్స్ చేత ప్రతి ఫైలునూ 0.9, 1.1 రెట్ల వేగాలకు మార్పించి, అసలుతో కలిపి శిక్షణకు వాడారు. జనాల రొద, సంగీతం, చప్పుళ్ళను ప్రత్యేకంగా సమకూర్చి మాట మీద చల్లడమూ మామూలు పద్ధతి. అంటే ఒకచేత్తో చప్పుడు తుడిచి మరొకచేత్తో చల్లుతున్నారన్నమాట. వంటింట్లో కుక్కరు మోత నడుమ అమ్మమ్మ చెప్పిన మాట, అటువంటి యంత్రానికి అయాచితంగా దొరికిన పాఠం.

స్థలం చాలదన్న సాకు నేడు చెల్లదు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం 48,000 నమూనాలు, 24 బిట్లతో, ఏ మెరుగులూ దిద్దకుండా మూలాన్ని దాచమని సూచిస్తున్నది. ఆ లెక్కన రెండు వైపుల ధ్వని గంటకు సుమారు ఒక గిగాబైటు. వంద గంటల కాసెట్లు జేబులో పట్టే డిస్కులో ఇమిడిపోతాయి. చుక్క నష్టం లేకుండా కుదించే ‘ఫ్లాక్’ రూపంలో ఇంకా తగ్గుతాయి. మూలాన్ని చెరపరాని ప్రతిగా వేరొకచోట ఉంచి, శుద్ధి అంతా నకలు మీదనే జరిపి, వాడిన ఆదేశాలను వ్రాసిన ఫైలును నకలు పక్కనే పెట్టడం ఏ సంఘానికీ భారం కాదు. ఆ మాటలు ఎవరివో వారి కుటుంబాల అనుమతి తీసుకొనడం వీటన్నిటికంటె ముందు. ఉత్తరం ఒకరికి వ్రాసినదే, కాసెట్టులో మాట్లాడినా సరే.

మొత్తం రాశి మీద ఆదేశాన్ని నడిపే ముందు పది ఫైళ్ళ మీద నడిపి, ముందూ వెనుకా ప్రతులను తెలుగు బాగా తెలిసిన ఒకరిచేత వినిపించాలి. వినేవారు ఎలక్ట్రానిక్స్ చదవనక్కరలేదు, ఆ యాస ఎరిగినవారైతే చాలు. ఆ పదింటిలో కనీసం మూడు వృద్ధ స్త్రీల కంఠాలై ఉండాలి. మెల్లని స్వరం, మాట నడుమ దీర్ఘమైన విరామాలు, చివరికి ఊపిరిలో కలిసిపోయే క్రియలు అక్కడ ఎక్కువ. అంకెలు తప్పితే కోత మొదట పడేది వాటి మీదనే.