శిక్షణ సరే, 610 సంగతేంది?

పై అధికారులకు మేనేజ్‌మెంట్ శిక్షణలట! మానవ వనరులను ఎట్లా నడపాలో నేర్పుతరట! నేర్పండి. మేమడిగేది ఒక్కటే: 610 జీవో పాఠం కూడా చెప్తరా?

1975 రాష్ట్రపతి ఉత్తర్వులను తుంగలో తొక్కి తెలంగాణ జోన్లలో నియమించిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలని 1985 డిసెంబర్ 30న ప్రభుత్వమే ఇచ్చిన జీవో అది. దానికి మేనేజ్‌మెంట్ చదువులెందుకు? సర్వీసు రిజిస్టర్లు తిరగేస్తే చాలు. ఆ పని కాలేదు. ఉల్లంఘనలు తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్‌ను వేయాల్సి వచ్చింది. పదిహేనేండ్లు ఫైళ్ల మీద కూర్చున్నది అటెండర్లా? శిక్షణ పొందిన అధికారులే!

2014లో రాష్ట్రమొచ్చింది. 1969 ఉద్యమ నేత చెన్నారెడ్డి పేరున్న హైదరాబాద్ శిక్షణ సంస్థలో ఇకనైనా మొదటి పాఠం ఇదే కావాలె: ఉత్తర్వును అటకెక్కించినోడు అధికారి కాదు, ద్రోహి.