అడవి కాపుదలయు, మన్యపు కలఁతయు



అడవులను గాపాడవలయునను మాటకు నేఁడు ఎదురాడువారు లేరు. వానలకును వాఁగులకును అవియే పట్టుగొమ్మలు. అయినను ఆ కాపుదల భారము ఎవరి నెత్తిపైఁ బడినది, ఫలము ఎవరి యింటికిఁ జేరినది యని మనము తఱచుగా నడుగుట లేదు.

మన మన్యపు చరిత్రమునే చూతము. 1882లో చెన్నరాజధానియందు అటవీచట్టము వచ్చినది. దానినిబట్టి దొరతనమువారు విశాలమైన యడవులను రిజర్వు చేసి, అందుఁ బోడు కొట్టుటను, పసుల మేపుటను, కట్టెలు దెచ్చుకొనుటను గట్టడి చేసిరి. పోడనఁగా కొండవాలున చెట్లు నఱకి కాల్చి, ఆ బూడిదలో గింజలు చల్లి, కొన్నియేండ్లకు వేఱొక చోటికిఁ బోవు సేద్యము. దానివలనఁ గొండమన్ను కొట్టుకొనిపోదని మే మనము. కాని యదే కాలమున దేశపు టడవుల కలప రైలుపట్టాల క్రింది కొయ్యలకై తరలుచునే యుండెను. గంజికై చెట్టు కొట్టినవాఁడు నేరస్థుఁడు. సొమ్మిచ్చి కొట్టించినవాఁడు వర్తకుఁడు!

గూడెము ప్రాంతమున దీనికిఁ దోడు రోడ్డుపనుల వెట్టిచాకిరి. ఆ కడుపుమంటయే 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడిగా బయటఁబడినది. అల్లూరి సీతారామరాజు నడపిన యా పితూరీ 1924 మే 7న ఆతఁడు కాల్చి చంపఁబడిన పిమ్మటఁ గాని చల్లాఱలేదు.

భారతమున ఖాండవము కాలినపుడు తల్లిని గోలుపోయిన యశ్వసేనుఁడు ఆ పగను గర్ణుని యమ్మువఱకు మోసికొనిపోయెను. అచట నడవిని గాల్చిరి. ఇచట నడవికిఁ దాళము వైచిరి. నిలువనీడ పోయినవారి దుఃఖ మొక్కటియే.

2006లో పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టము, అడవిబిడ్డలకు చారిత్రకముగా నన్యాయము జరిగెనని పీఠికలోనే యొప్పుకొన్నది. 2005 డిసెంబరు 13 నాఁటికి అటవీభూమి సాగుచేసికొనుచున్న గిరిజనులకు 4 హెక్టార్లవఱకు హక్కు నిచ్చినది. వివాహితులైనచో పట్టా భార్యాభర్త లిరువురి పేరను ఉండవలయునని విధించినది. ఈ తుదిమాటను మీరు గమనింపఁ గోరెదము. అడవి మూఁతపడినపుడు కట్టెలమోపునకై మఱియొక క్రోసు నడచునది స్త్రీయే కదా! హక్కు పత్రమున నామె పేరుండుట దానము గాదు, న్యాయము.

ఇఁకముందును గాలికని, నీటికని, చెట్టుకని కట్టుబాట్లు వచ్చును, రావలయును. అట్టివి వచ్చినపుడెల్ల ఎవరి పొయ్యి యాఱుచున్నదో ముందుగాఁ జూడవలయును. ఇంట కఱవు వచ్చినపుడు చంటిబిడ్డ పాలు తగ్గించి, దానిని బొదుపని చెప్పుకొను ఇల్లాలు లేదు. రాజ్యమునకును ఆ నీతియే తగునని మా యభిప్రాయము.